తాళాల గుత్తి పెడితే ఫిట్స్ ఆగవు

మొన్న ఎండాకాలం మా సైటులో ఒక తమ్ముడు పొద్దున్నే నీళ్ల డ్రమ్ము దగ్గర పడిపోయాడు. కాళ్లు చేతులు కొట్టుకుంటున్నాయి, నోట్లోంచి నురగ. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఇంకొకరు చెంచా పళ్ల మధ్యకు తోయబోయారు. రెండు నిమిషాల్లో ఆగిపోయింది. తాళాల వల్లే అని అందరూ నమ్మారు. అవి లేకపోయినా ఆగేదే. చాలావరకు ఫిట్స్ అంతలోనే వాటంతట అవే ఆగుతాయి.

తర్వాత తెలిసింది, ఊళ్లో రోజూ మాత్ర వేసుకునేవాడట. తెచ్చుకున్నవి అయిపోయాయి. చెబితే ఇంటికి పంపేస్తారని ఊరుకున్నాడు. ఏజెంటుకు కట్టిన అప్పు ఇంకా తీరలేదు మరి. ఆ భయం ఉత్తదే అని నేను అనలేను. కానీ ఇంకో అరగంట గడిస్తే అతను నాలుగో అంతస్తు పరంజా మీద ఉండేవాడు.

మూర్ఛ గాలి సోకడం కాదు, అంటురోగమూ కాదు. మెదడులో విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా అదుపు తప్పడం. తలకు దెబ్బ, పక్షవాతం, మెదడులో గడ్డ కారణం కావచ్చు. మన దేశంలో ఇంకొకటి ఎక్కువ. బద్దెపురుగు గుడ్లు మురికి నీళ్లతో, కడగని ఆకుకూరలతో కడుపులోకి పోయి మెదడులో తిత్తులు కడతాయి. మాంసం ముట్టనివాళ్లకూ ఇది వస్తుంది. చాలామందిలో అసలు కారణమే దొరకదు. ఈఈజీ, ఎమ్మారై తీస్తారు గానీ, చూసినవాళ్లు చెప్పే వివరమే డాక్టరుకు ముందు కావాలి. ఫోనులో వీడియో తీస్తే ఇంకా మంచిది.

సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిక్కంతా మధ్యలో మానేయడంతోనే. నిద్ర లేకపోయినా, తాగినా మళ్లీ వస్తాయి. ఇంటి నుంచి మందులు తెచ్చుకునేవాళ్లు డాక్టరు చీటీ తప్పక పెట్టుకోవాలి. క్లోబజామ్, ఫినోబార్బిటాల్ లాంటివైతే ముందే అనుమతి అడగాలి, లేకపోతే ఎయిర్‌పోర్టులోనే ఇబ్బంది.

ఎవరైనా పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటిది పెట్టండి. గట్టిగా అదిమి పట్టొద్దు, నోట్లో ఏదీ పెట్టొద్దు. టైం చూడండి. 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి, యూఏఈలో అయితే 998.

సాటి సూపర్‌వైజర్లకు ఒక మాట. జబ్బు సంగతి చెప్పినవాణ్ని వెనక్కి పంపితే మిగతావాళ్లు నోరు విప్పరు, మాత్రలు దాచుకుని పైకెక్కుతారు. పైన పని వద్దు, కింద పని ఇవ్వండి. మా తమ్ముడు ఇప్పుడు స్టోరులో సామాను లెక్క చూస్తున్నాడు. రాత్రి మాత్ర వేసుకున్నావా అని పక్క మంచం అన్న రోజూ అడుగుతాడు.