గాబరా గోలీ, హకీం పొడి: రెండూ కలిస్తే చూసేదెవరు?

కోవూరు: 2021 మే నెలలో దేశం చూపంతా నెల్లూరు జిల్లా మీద పడింది. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య ఇస్తున్న కరోనా మందు కోసం జనం వేల సంఖ్యలో ఎగబడ్డారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, ఆయుష్ శాఖతో పరిశీలన చేయించింది. మే 31న కంటి చుక్కలు తప్ప మిగతా మందుల్లో చాలావాటికి అనుమతి ఇచ్చింది. హాని ఉన్నట్టు తేలలేదని, కరోనా తగ్గుతుందనడానికీ ఆధారం లేదని చెప్పింది. డాక్టర్లు రాసిన మందులు మాత్రం ఆపొద్దని హెచ్చరించింది.

ఆ గొడవలో అందరూ అడిగింది ఒక్కటే: ఈ మందు మంచిదా, చెడ్డదా? అప్పటికే వాడుతున్న మాత్రలతో కలిస్తే ఏమవుతుందన్నది పెద్దగా చర్చకు రాలేదు. కరోనా పోయింది, ప్రశ్న మాత్రం మిగిలింది. గాబరా, గుండెదడ, నిద్ర పట్టకపోవడం అంటూ మాత్రలు వాడేవాళ్ల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. వీళ్లలో చాలామంది ఆ సంగతి బయటికి చెప్పుకోరు. “పిచ్చి మాత్రలు” అంటారేమోనన్న భయం, సంబంధాలు చెడతాయేమోనన్న దిగులు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. అందినవాళ్లలోనూ కొందరు ఒక పక్క గోలీ, ఇంకో పక్క పొడి వాడుతుంటారు.

రెండు కౌంటర్లు, రెండు లెక్కలు

అల్ప్రజోలం, డయాజెపాం లాంటి మాత్రలు షెడ్యూల్ హెచ్-1లో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమలవుతున్న ఈ నిబంధన ప్రకారం చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారన్నది మెడికల్ షాపువాళ్లు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి.

ఆయుర్వేద, యునానీ మందులు కూడా 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికే వస్తాయి. కానీ లైసెన్స్ తయారీకే, అమ్మే షాపుకు అక్కర్లేదు. అదే అశ్వగంధను ఒక కంపెనీ ఆయుష్ లైసెన్స్‌తో మందుగా అమ్ముతుంది, ఇంకో కంపెనీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్‌తో ఆహార సప్లిమెంట్‌గా అమ్ముతుంది. చేతితో కట్టిచ్చిన పొట్లానికైతే ఏ లేబులూ ఉండదు.

అంటే గోలీ ఒక లెక్కలో ఉంది, పొడి ఏ లెక్కలోనూ లేదు. సైకియాట్రిస్ట్‌కు పొడి సంగతి తెలియదు, హకీం సాబ్‌కు గోలీ సంగతి తెలియదు. రెండూ ఒకచోట కనిపించేది ఇంట్లో మందుల డబ్బాలో మాత్రమే.

ఒంట్లో జరిగేది ఏమిటి

మందు, మూలిక కలిసి ఇబ్బంది పెట్టే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది, రెండూ ఒకే పని చేయడం. మత్తు ఇచ్చే మాత్రకు మత్తు ఇచ్చే మూలిక తోడైతే నిద్రమత్తు రెట్టింపవుతుంది. పెద్దవాళ్లు బాత్రూంలో జారి పడతారు, బండి నడిపేవాళ్లు రోడ్డు మీద తూలతారు. పసిఫిక్ దీవుల మూలిక కావాను అల్ప్రజోలంతో కలిపి వాడిన 54 ఏళ్ల వ్యక్తి మత్తుగా, అయోమయంగా ఆసుపత్రిలో చేరిన కేసు 1996లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అతను ఇంకో రెండు మందులు కూడా వాడుతున్నాడు.

రెండోది, కాలేయం మందును విరిచే వేగం మారిపోవడం. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలికను 14 రోజులు ఇచ్చి చూస్తే, ఒంట్లో అల్ప్రజోలం సగానికి తగ్గే సమయం 12.4 గంటల నుంచి 6 గంటలకు పడిపోయిందని 2003లో అమెరికా అధ్యయనం తేల్చింది. మాత్ర వేసుకున్నా పని చేయదన్నమాట. ఇదే మూలిక ఎస్సిటలోప్రాం, సెర్ట్రాలిన్ లాంటి మందులతో కలిస్తే సెరటోనిన్ మోతాదు మించి వణుకు, జ్వరం, గుండెదడ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇలాంటి సీసాలు మన దగ్గర తక్కువే. అయినా విదేశాల నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసుల్లో “నేచురల్ స్లీప్” పేరుతో ఏముందో లేబుల్ చదివి చూడాల్సిందే.

మన ఇళ్లలో వినే పేర్లు

అశ్వగంధను తెలుగులో పెన్నేరుగడ్డ అనీ, యునానీలో అస్గంధ్ అనీ అంటారు. ఇది మత్తును పెంచగలదు, థైరాయిడ్ హార్మోనును పెంచగలదు. కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది. మన దేశంలో వాడకం మామూలే.

జటామాంసిని హకీంలు సుంబులుత్తీబ్ అంటారు. నిద్రకు ఇస్తారు కాబట్టి నిద్ర మాత్రతో కలిపితే జాగ్రత్త. బ్రాహ్మి పేరుతో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతున్నారు. ఒకటి బకోపా, ఇంకోటి మనం సరస్వతి ఆకు అనే సెంటెల్లా. ఏది తిన్నారో తెలియకపోతే ఏ డాక్టరూ సరిగ్గా చెప్పలేరు.

మిరియాలు, పిప్పళ్లలో ఉండే పైపరిన్ రక్తంలో ప్రొప్రనొలాల్ మోతాదును పెంచుతుంది. గుండెదడకు, చేతుల వణుకుకు రాసే మాత్ర అది. కూరలో మిరియాలకు భయపడక్కర్లేదు. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్, త్రికటు చూర్ణం రోజూ తీసుకుంటుంటే డాక్టర్‌కు చెప్పాలి. జోషాందాలో వేసే ములేఠీ, అంటే అతిమధురం, వారాల తరబడి తాగితే బీపీ పెరిగి పొటాషియం తగ్గుతుంది. ఎస్సిటలోప్రాం వాడేవాళ్లకు పొటాషియం తగ్గితే గుండె లయకు ప్రమాదం. జలుబుకు రెండు రోజులు తాగడం వేరు, నెలల తరబడి వాడడం వేరు. హదీసులో ప్రస్తావన ఉన్న కలోంజీ సంగతీ అంతే. వంటలో చిటికెడు వేరు, రోజూ చెంచాలకొద్దీ నూనె తాగడం వేరు.

మూలికలకు బలం లేదనుకునేవాళ్లకు సర్పగంధ కథే జవాబు. యునానీలో అస్రోల్ అనే ఈ వేరును మతిస్థిమితం తప్పినవాళ్లకు వాడేవారు. సలీముజ్జమాన్ సిద్దిఖీ 1931లో దీని నుంచి తీసిన రసాయనానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని పెట్టారు. 1952లో ఇదే వేరు నుంచి వచ్చిన రిసర్పిన్ ప్రపంచమంతా బీపీ మందైంది. కొందరిని దిగులులోకి కూడా నెట్టింది. మేలు చేసే శక్తి ఉన్నదానికి హాని చేసే శక్తీ ఉంటుంది.

ఫోన్‌లో చూస్తే సరిపోదా?

రెండు మందుల పేర్లు కొడితే పడతాయో లేదో చెప్పే యాప్‌లు ఉన్నాయి. అశ్వగంధ లాంటివి వాటిలో దొరుకుతాయి. కానీ ఖమీరా, ఇత్రీఫల్ లాంటి కలగలుపు మందులు చాలావాటిలో ఉండవు. “ఏ సమస్యా లేదు” అని స్క్రీన్ మీద వస్తే, పరీక్షించి బాగుందన్నారో, ఎవరూ పరీక్షించలేదో తెలియదు. యాప్‌ను డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న తెలుసుకోవడానికి వాడుకోవచ్చు, జవాబు అక్కడితో తేల్చుకోకూడదు.

ఆపేయడమూ ప్రమాదమే

ఇదంతా చదివి గోలీ మానేసి పొడి మీదే ఉంటానంటే ఇంకా పెద్ద తప్పు. నెలల తరబడి అల్ప్రజోలం, క్లోనజెపాం వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. రంజాన్‌లో ఉపవాసం కోసం పూట మాత్ర వదిలేయకుండా, నెల ముందే డాక్టర్‌ను కలిసి సహరీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా వేళలు మార్పించుకోవాలి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఇంట్లో ఉన్న మాత్రలు, పొడులు, నూనెలు, విదేశీ సీసాలు అన్నీ ఒక సంచిలో వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. హకీం సాబ్ దగ్గరికీ అదే సంచి తీసుకెళ్లి, పొట్లంలో ఏ మూలికలున్నాయో కాగితం మీద రాయించుకోవాలి. రాసివ్వనన్న పొడిని గోలీతో కలపకపోవడమే మంచిది. కోవూరు నుంచి పెన్నా వంతెన దాటితే నెల్లూరు ప్రభుత్వాసుపత్రి ఉంది. అంతదూరం వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ టెలీ మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మందు పడక ఇబ్బంది వస్తే 1800-180-3024కు ఫిర్యాదు చేయొచ్చు. విపరీతమైన మత్తు, తూలడం, ఊపిరి బరువెక్కడం, ఒళ్లు వేడెక్కి వణకడం, కళ్లు పచ్చబడడం లాంటివి కనిపిస్తే ఫోన్లతో ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, సంచిని కూడా వెంట తీసుకుని.