పడుకొనబోవు బిడ్డకు ఏ కథ?

అక్టోబరు నెల వచ్చుసరికి అమెరికాలో గుమ్మడికాయలను తొలిచి, కండ్లు పండ్లు చెక్కి, లోపల దీపములుంచి యిండ్ల ముంగిట పెట్టుదురు. ఆ నెల 31వ తేదీ రాత్రిని హాలోవీన్ అందురు. నవంబరు 1న వచ్చు సకల పరిశుద్ధుల పండుగకు అది ముందురాత్రి. ఆ పేరును అందుండియే పుట్టినది. నేడు ఆ రాత్రి పిల్లలు దయ్యముల వేషములు వేసికొని యింటింట మిఠాయిలడుగుదురు. వారికొరకు దయ్యముల, మంత్రగత్తెల బొమ్మల పుస్తకములును వెలువడుచున్నవి. అచ్చట కాపురమున్న మన బిడ్డల యిండ్లలో మన మనుమలును నిదురకు ముందు వీటిని చదివించుకొనుచున్నారు.

ఈ సంగతి విని మన సంఘములలో కొందరు, "అవి సాతాను పుస్తకములు, కాల్చివేయుడి" అనుచున్నారు. సహోదరులారా, తెరిచి చూడకయే తీర్పు తీర్చవచ్చునా? లిండా విలియమ్స్ అను ఆమె వ్రాయగా 1986లో వెలువడిన పుస్తకమొకటి కలదు. ఒక ముసలమ్మ చీకటిలో అడవిదారిని ఇంటికి పోవుచుండగా జోళ్లు, లాగు, చొక్కా, చేతితొడుగులు, టోపీ, కడకు గుమ్మడి తలకాయ ఆమెను వెంబడించును. ఇంటికి చేరి గడియ వేసికొనినను వచ్చి తలుపు తట్టును. ఆమె తలుపు తీసి, భయము లేదని చెప్పి, వాటికొక ఉపాయము చెప్పును. తెల్లవారుసరికి అవన్నియు కలిసి ఆమె తోటలో దిష్టిబొమ్మయై కాకులను తోలుచుండును. ఇందు సాతానుకు కలిగిన లాభమేమి?

అట్లని ప్రతి పుస్తకమును మంచిదనను. భయమును రేపి, దానితో బిడ్డను ఒంటిగా విడిచిపెట్టు పుస్తకము పడక చెంతకు రాదగదు. పసిబిడ్డకు బొమ్మకును నిజమునకును భేదము బాగుగా తెలియదు కదా!

అయితే మన మాటేమి? అట్టి పుస్తకమొక్కటియు లేని మన పల్లెలో, "పడుకో, బూచివాడు వచ్చుచున్నాడు" అని బిడ్డను నిద్రపుచ్చువారెవరు? ఆదివారము క్రీస్తు చీకటిని జయించెనని పాడి, సోమవారము రాత్రి ఆ చీకటినే బిడ్డకు బెత్తముగా చూపుచున్నాము. వారు దయ్యమును గుమ్మడికాయగా చేసిరి. మనము చింతచెట్టును దయ్యముగా చేసితిమి.

రాత్రి నాలుగవ జామున సముద్రముమీద నడచివచ్చు యేసును చూచి శిష్యులు భూతమనుకొని కేకలు వేసిరి. ఆయన వారిని ఎగతాళి చేయలేదు. ఆ భయమును అడ్డుపెట్టుకొని వారిని లోబరచుకొనలేదు. తానెవరో వెంటనే తెలిపి, వారి దోనె యెక్కెను. తలిదండ్రులారా, పడకవేళ మన పనియు ఇదియే. పుస్తకము తెరిచినయెడల కడపటి పుటవరకు చదువుడి. భయము తీరినదో లేదో బిడ్డనడుగుడి. ప్రార్థన చేసి, నిద్రపట్టువరకు ప్రక్కనుండుడి. అమెరికా పుస్తకములను కాల్చుటకు ముందు, మన నోటనుండి బూచివానిని వెళ్లగొట్టుదము.