తొండుపల్లి దాటాక

శంషాబాద్ విమానాశ్రయంలో క్యాబ్‌లు నిలిపే చోట మధ్యాహ్నం పూట చూడాలి. సీట్లు వెనక్కి వాల్చుకుని, అద్దాలు సగం దించుకుని, స్టీరింగ్‌కు ఫోన్ ఆనించి డ్రైవర్లు సినిమాలు చూస్తుంటారు. బుకింగ్ మోగేదాకా అదే వాళ్ళ మ్యాట్నీ. మొన్నామధ్య అక్కడినుంచి ఊళ్ళోకి వస్తుంటే మా డ్రైవరు ‘హిట్’ సినిమాల ముచ్చట ఎత్తాడు. “మొదటిది రెండుసార్లు చూసిన సార్. మూడోది సగంలనే బంద్ చేసిన” అన్నాడు. రక్తం ఎక్కువైందా అని అడిగాం. కాసేపు ఆలోచించి, “రక్తం గురించి గాదు సార్. మొదటి దాంట్ల పిల్ల కోసం చూస్తుంటిమి. ఇండ్ల ఎవరి కోసం చూడాలె?” అన్నాడు. వాళ్ళ బామ్మర్ది కొడుకు మాత్రం థియేటర్‌కు మూడుసార్లు పోయి ఈలలు వేసి వచ్చాడట. ఆ ఇంట్లో ఈ విషయం మీద ఇప్పటికీ రెండు పార్టీలే.

నిజానికి ఆ సినిమా చూసినవాళ్ళలో చాలా ఇళ్ళలో రెండు పార్టీలే. శైలేష్ కొలను తీసిన ఈ వరసలో మొదటిది 2020 ఫిబ్రవరి 28న వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఆగిపోయిన ఒక అమ్మాయి కనిపించకుండా పోతుంది. మంటను చూస్తేనే వణికిపోయే పోలీసు అధికారి విక్రమ్ ఆమెను వెతుకుతాడు. 2022 డిసెంబరులో వచ్చిన రెండోది విశాఖలో జరుగుతుంది. అక్కడికే కాస్త కడుపులో తిప్పడం మొదలైంది. 2025 మే 1న వచ్చిన మూడోదానికి సెన్సారు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. పిల్లలూ, సున్నిత మనస్కులూ రావద్దని అందులో హీరో నానీయే ముందుగా చెప్పారు. అందులో హంతకుల ముఠాలోకి చొరబడటానికి పోలీసే హత్యకు దిగుతాడు. చివరకు వచ్చేసరికి నరుకుడే నరుకుడు. వసూళ్ళు బాగానే వచ్చాయి. సగంలో లేచి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

భయపెట్టే కథలకు కారంతో ఒక పోలిక ఉంది. నిన్న కళ్ళ నీళ్ళు తెప్పించిన పచ్చడి ఇవాళ నాలుకకు ఆనదు. రెండో భాగం రాసేవాడికి, తీసేవాడికి ఆ సంగతి తెలుసు కాబట్టి మరో గుప్పెడు మిరపకాయలు వేస్తాడు. తప్పు పట్టడానికి లేదు, వచ్చిన జనమే అది అడుగుతారు. చిక్కల్లా ఏమిటంటే, కారం పెంచే ధ్యాసలో పడి గోంగూర వేయడం మర్చిపోతాడు.

తెలుగు పాఠకులకు ఇది కొత్త అనుభవమేమీ కాదు. ఎనభైల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చే రోజులు గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. రాత్రిపూట పెరట్లోకి వెళ్ళాలంటే తోడు పిలిచిన పెద్దవాళ్ళను మేమెరుగుదుం. ఒక పసిపిల్ల మీద చేతబడి, ఆమెను బతికించుకోవాలని తల్లిదండ్రుల తపన, ఒక పక్క వైద్యం, ఇంకో పక్క మంత్రం. దాన్ని ఆకాశానికెత్తినవాళ్ళు ఎందరో, మూఢనమ్మకాలకు నీళ్ళు పోస్తున్నాడని తిట్టిపోసినవాళ్ళూ అందరు. రంగనాయకమ్మ అయితే ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని పేరు పెట్టి ఒక పుస్తకమే రాశారు. ఆ తర్వాత ‘తులసి’ వచ్చింది, దాని మీద 1986లో ‘కాష్మోరా’ సినిమా వచ్చింది. మా మటుకు మాకు మొదటి పుస్తకం చదివినప్పుడు ఊపిరి బిగబట్టించినది ఒక్కటే: పాప బతుకుతుందా, బతకదా? రెండోది చదివేటప్పుడు క్షుద్రశక్తి ఎంత దూరం పోతుందో చూద్దామనే కుతూహలం మిగిలింది. భయం తగ్గలేదు గానీ, ఆ భయం ఎవరి కోసమో మాత్రం మర్చిపోయాం.

ఇంగ్లీషులోనూ ఇదే తంతు. థామస్ హారిస్ 1988లో రాసిన ‘ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్’ అపహరణకు గురైన ఒక అమ్మాయిని ప్రాణాలతో కాపాడాలన్న ఆరాటంతో నడుస్తుంది. పదకొండేళ్ళ తర్వాత అదే వరసలో ‘హానిబల్’ వచ్చింది. దాని ముగింపు చూసి, తాము ఇన్నాళ్ళూ అభిమానించిన కథానాయిక క్లారిస్‌ను రచయిత ఇలా చేస్తాడా అని పాఠకులు మండిపడ్డారు. అంతకంటే ధైర్యమైన ముగింపు లేదని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 2001లో సినిమాగా తీసినప్పుడు ఆ ముగింపునే మార్చేశారు. మొదటి సినిమాలో క్లారిస్‌గా ఆస్కార్ అందుకున్న జోడీ ఫోస్టర్ రెండోదాంట్లో నటించలేదు.

ఇక్కడిదాకా ఇది కథల సంగతి. శంషాబాద్‌లో కూర్చుని రాస్తే కథల దగ్గర ఆగడం కుదరదు.

ఈ ఊరికి సినిమాలు కొత్త కావు. నర్కుడ దగ్గరి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడిలో ఎన్ని సినిమా పెళ్ళిళ్ళు జరిగాయో ఆ రాముడికే లెక్క తెలియాలి. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు. ఔటర్ వచ్చింది, హోటళ్ళు లేచాయి, పల్లెల పేర్లు ఎగ్జిట్ బోర్డుల మీదికి ఎక్కాయి. ఆ ఔటర్ మీదే, తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర, 2019 నవంబరు 27 రాత్రి ఒక పశువైద్యురాలు స్కూటర్ టైరు పంక్చరై నిలబడిపోయింది. నిజానికి అది పంక్చర్ అయింది కాదు, చేసింది. సాయం చేస్తామని వచ్చినవాళ్ళే చేశారు. భయమేస్తోందని చెల్లెలికి ఫోన్ చేసింది. ఆ తర్వాత జరిగిన అత్యాచారం, హత్య దేశమంతటికీ తెలుసు, ఇక్కడ మళ్ళీ చెప్పం.

సరిగ్గా మూడు నెలలకు ‘హిట్’ మొదటి భాగం విడుదలైంది. ఔటర్, ఆగిన బండి, కనిపించని అమ్మాయి. కాకతాళీయమే. కానీ ఆ సినిమా చూస్తూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఎక్కడో కలుక్కుమని ఉంటుంది. సినిమాలో అమ్మాయి కోసం ఒక మొత్తం విభాగం పరుగులు తీస్తుంది. ఆ రాత్రి మాత్రం కన్నవాళ్ళు స్టేషన్‌కు వెళితే ఇది మా పరిధా, పక్క స్టేషన్ పరిధా అనే తర్జనభర్జనలో విలువైన గంటలు పోయాయి. నిర్లక్ష్యం చేశారని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండ్ చేశారు కూడా. మా డ్రైవరు మొదటి భాగం రెండుసార్లు ఎందుకు చూశాడో మాకు ఇప్పుడు కొంత అర్థమవుతోంది. వెతికేవాడు ఒకడు ఉన్నాడన్న తృప్తి కోసమే అయి ఉండవచ్చు.

ఆ నిజం కథకూ రెండో భాగం ఉంది. అది డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో జరిగింది. నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచుకున్నారు. విచారణ లేకుండా ఇదేమిటని అడిగినవాళ్ళను ‘నీ ఇంట్లో జరిగితే తెలిసేది’ అన్నారు. అడిగినవాళ్ళు తక్కువే, కానీ ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లేననీ, పదిమంది పోలీసుల మీద హత్య అభియోగంతో విచారణ జరగాలనీ అందులో ఉంది. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. పూలు చల్లిన రోజున వచ్చిన వార్తలో నాలుగో వంతు కూడా ఈ నివేదికకు దక్కలేదని మా అభిప్రాయం. మేమూ పత్రికలోనే ఉన్నాం కాబట్టి ఆ తప్పులో మా వాటా మాకుంది.

మూడో భాగానికి ఈలలు వేసిన ఆ కుర్రాణ్ణి తప్పు పట్టాలని మాకు లేదు. అతడికి రక్తదాహమేమీ లేదు. ఏళ్ళ తరబడి వాయిదాలు పడే కేసుల వార్తలు చదివి చదివి విసిగిపోయినవాడు, రెండున్నర గంటల్లో ఏదో ఒకటి తెగేచోటికి వెళ్ళి గుండెలనిండా ఊపిరి పీల్చుకుని వస్తాడు. తెర మీద పోలీసు కత్తి ఎత్తినప్పుడు అతడు కొట్టే చప్పట్లు ఎక్కువగా ఎదురుచూపుకు కొట్టినవి. సగంలో ఆపేసిన మామ కూడా పిరికివాడు కాడు. రాత్రి రెండింటికి ఔటర్ మీద ఒంటరిగా బండి నడిపే మనిషి అతడు. మొదటి కథ తనను ఏ ప్రశ్నతో కూర్చోబెట్టిందో అతడు మర్చిపోలేదు, అంతే. పిల్ల ఏమైంది అని మొదలైన కథ ఎంతమందిని చంపాడు అన్న లెక్కకు వచ్చేసరికి, తన టికెట్టు వేరే బస్సుకు కొన్నదని గ్రహించి దిగిపోయాడు. ఇద్దరిలో ఎవరి పక్షం అంటే మేము మామ పక్షమే. ఆ మాట అల్లుడికి చెప్పడానికి మాత్రం మాకు నోరు రాదు. ఎందుకంటే అతడి కోపానికి కారణమైనది సినిమా కాదు.

నాలుగో భాగం నటుడు కార్తీతో ఉంటుందని మూడోదాని చివర్లోనే చూపించారు. కారం ఇంకెంత పెరుగుతుందో తెలియదు. దర్శకుడికి చెప్పాల్సింది ఏమైనా ఉంటే అది ఆ డ్రైవరు అడిగిన ప్రశ్నే: ఎవరి కోసం చూడాలి?

దిగేముందు అతడు ఇంకో మాట అన్నాడు. తన కూతురు ఇప్పుడు శంషాబాద్‌లోనే ఇంటర్ చదువుతోందట. సాయంత్రం ఆలస్యమైతే టోల్‌గేట్ దగ్గరికి తనే వెళ్ళి నిలబడతాడట, బుకింగ్ పోయినా సరే. అలాంటి తండ్రులకు తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటి ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, తీవ్రమైన (కాగ్నిజబుల్) నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని వెనక్కి పంపడానికి వీల్లేదు.