కాళ్లున్నాయని కాపలా తప్పుతుందా?

ఎదిగొచ్చిన పిల్లవాడికి అన్నం కలిపి పెట్టాలి, స్నానం చేయించాలి, గేటు దాటిపోకుండా కనిపెట్టుకుని ఉండాలి అంటే ఆ తల్లికి పగలేమిటి, రాత్రేమిటి! బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డల ఇళ్లలో మూర్ఛ మందులు, ప్రత్యేక బడి ఫీజు, ఆటో ఖర్చు అందరికీ కనిపిస్తాయి. పనికి వెళ్లలేక ఆ తల్లి పోగొట్టుకునే రాబడి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు.

సర్కారు ఇచ్చేదెంతో చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 చేశారు. సంతోషమే. కేంద్రం మాత్రం 2012లో నెలకు 300 చేసి, ఆ తర్వాత పదేళ్లు దాటినా పెంచలేదు. అదైనా వైకల్యం 80 శాతం ఉన్న పేదింటి వారికే. 2018 నాటి కొలతల్లో బుద్ధిమాంద్యం కొద్దిగా ఉంటే 50 శాతం, మధ్యస్థంగా ఉంటే 75, తీవ్రమైతే 90. అంటే మధ్యస్థంగా ఉన్న బిడ్డకు అయిదు శాతం తక్కువైందని ఆ 300 కూడా రాదన్నమాట!

ఆంధ్రలో మంచానికీ, చక్రాల కుర్చీకీ పూర్తిగా పరిమితమైన వారికి 15,000 ఇస్తున్నారు. న్యాయమే, వారికి ఇంకా ఇచ్చినా తప్పులేదు. కానీ నడవగలిగి, రోడ్డేదో బావేదో తెలియని బిడ్డ సంగతేమిటి? కాళ్లున్నాయి కాబట్టే కదమ్మా వాడికి కాపలా ఎక్కువ!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భత్యం గురించి రాసి ఉంది. కేరళలో ‘ఆశ్వాసకిరణం’ పేరుతో చూసుకునేవారికి నెలకు 600 చొప్పున పథకం పెట్టారు. మొత్తం చిన్నదే. అయినా, చూసుకోవడం కూడా పనేనని ఒప్పుకున్నారు. మన దగ్గరా అలాంటిది రావాలి. కేంద్రం ఆ 80 శాతం నిబంధనను సడలించాలి. ధరలతో పాటు పింఛనూ పెరగాలి.

ఈలోగా మనం చేసుకోవలసినవి చేసుకుందాం. సదరం ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు జాగ్రత్తగా దాచండి. బిడ్డకు 18 ఏళ్లు నిండితే, కన్నవాళ్లమైనా చట్టం దృష్టిలో వాళ్లంతట వాళ్లే పెద్దవాళ్లు. అందుకని 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి సంరక్షకత్వం కోసం దరఖాస్తు పెట్టండి. ఆ ట్రస్టు ‘నిరామయ’ బీమా లక్ష రూపాయల వరకు వైద్యానికి ఉంది. ఇంట్లో కేంద్ర ప్రభుత్వోద్యోగి ఉంటే, సొంతంగా సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే వీలుంది. ఆ బిడ్డ పేరు, వైకల్యం వివరాలు ఆఫీసు కాగితాల్లో ఇప్పుడే రాయించమనండి.

మీ ఇంట్లో అలాంటి బిడ్డ లేకపోయినా, పక్కింటావిడ కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి వెళ్తుంటే ఆ పూట వాణ్ణి మీ దగ్గర కూర్చోబెట్టుకోండి. ‘నేను పోతే వీడికి ఎవరు దిక్కు?’ అని ఆమె పడే దిగులుకు జవాబు సర్కారే చెప్పాలి. ఆ జవాబు అడగడానికి ఆమెకు ఒక పూట తీరిక మనం ఇవ్వగలం.