అక్షరాలు ఎటు పోయాయి?

పొయ్యి మీద పప్పు ఉడికేలోగా కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు పనులు చక్కబెట్టుకునే గృహిణులు మన కర్నూలు, కడప వైపు ఇప్పుడు తక్కువేం కాదు. పొదుపు సంఘం లెక్కలు ఎక్కించేవారు కొందరు, పిల్లల ఈఏపీసెట్ దరఖాస్తు నింపేవారు కొందరు, ఇంటికే టైపింగ్ పని తెచ్చుకుని నాలుగు రూపాయలు సంపాదించుకునేవారు మరికొందరు. వీరందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఏడిపించే చికాకు ఒకటుంది. బాగానే టైపు చేస్తుంటాం. తెలుగులోంచి ఇంగ్లీషుకు మారదామని రెండు మీటలు నొక్కుతాం. అంతే! ఆ తర్వాత ఎంత కొట్టినా ఒక్క అక్షరం పడదు.

"అయ్యో, ఏదో పాడు చేశానే" అని చాలామంది అక్కడితో లేచిపోతారు. సాయంత్రం కొడుకు వచ్చేదాకా ఆ పని అలాగే పడి ఉంటుంది. లేదంటే కాగితాలన్నీ పట్టుకుని నెట్ సెంటరుకు పోవడం, ఎవరో తెలియని అబ్బాయికి పాస్‌వర్డుతో సహా చెప్పేయడం. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద తిప్పలు అవసరమా, చెప్పండి?

ముందుగా ధైర్యం తెచ్చుకోండి. కంప్యూటరు పాడవలేదు. మీరు రాసిందీ పోలేదు. మీరు కొట్టే అక్షరాలు వేరే చోటికి పోతున్నాయి, అంతే.

కేసీ కాలువ కింద సేద్యం ఉన్న ఇళ్లలో ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయల్దేరి కడప దాకా వచ్చే నీళ్లైనా, పొలంలోకి వచ్చాక మడవ ఎటు తిప్పితే అటే పారతాయి. మడవ పక్క మడికి తిరిగిందంటే మన మడికి చుక్క రాదు. అలాగని కాలువ ఎండిపోయినట్టు కాదు కదా! తెర మీద నాలుగు కిటికీలు తెరిచి ఉన్నా, కీబోర్డు అక్షరాలు ఒక సమయంలో ఒక్క చోటికే పారతాయి. దీన్నే కంప్యూటరు వాళ్లు 'ఫోకస్' అంటారు. మనకు తెలియకుండా మడవ తిప్పేసే మీటలు ముఖ్యంగా మూడు.

మొదటిది ఆల్ట్. ఇంగ్లీషు ఒక్కటే టైపు చేసేవారికి దీనితో పెద్దగా పని ఉండదు. తంటా అంతా మనలాంటి రెండు భాషల వాళ్లకే. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్‌పీతో వచ్చింది. భాష మార్చడానికి ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కడం చాలామందికి అలవాటు. కానీ ఆల్ట్‌కు సొంతంగా ఇంకో పని ఉంది. అదొక్కటే నొక్కి వదిలితే ఫోకస్ పైనున్న మెనూకు పోతుంది. షిఫ్ట్ సరిగ్గా పడకపోతే జరిగేది అదే. వర్డ్‌లో అయితే పై వరుసలో చిన్న చిన్న గడుల్లో అక్షరాలు కనిపిస్తాయి, చూడండి. అప్పుడు మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ అది ఆజ్ఞ అనుకుంటుంది.

రెండోది ఆల్ట్ పక్కనే ఉన్న కిటికీ బొమ్మ మీట. వేలు జారి దాని మీద పడితే స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది. మన అక్షరాలన్నీ పోయి అక్కడి వెతుకులాట గడిలో పడతాయి.

మూడోది షిఫ్ట్. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో క మీటకు షిఫ్ట్ కలిపితేనే ఖ, ప మీటకు కలిపితేనే ఫ. కాబట్టి వేలు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. ఏం రాద్దామా అని ఆలోచిస్తూ దాన్ని ఊరికే వరుసగా ఐదుసార్లు తట్టారనుకోండి, 'స్టిక్కీ కీస్' కావాలా అని ఒక పెట్టె అడ్డం వస్తుంది. రెండు మీటలు కలిపి నొక్కలేని వారి సౌకర్యం కోసం విండోస్ 95 కాలం నుంచి ఉన్న ఏర్పాటు ఇది. అక్కర్లేని వారు చూడకుండా 'సరే' అనేస్తే షిఫ్ట్ వదిలేసినా తర్వాతి అక్షరానికి అంటుకునే ఉంటుంది. క కొడితే ఖ పడుతుంది!

అక్షరం పడకపోవడం చికాకే. అంతకంటే జాగ్రత్త పడాల్సింది అక్షరం పడకూడని చోట పడినప్పుడు. బ్యాంకు పాస్‌వర్డు కొడుతున్నామనుకుంటాం. ఫోకస్ పక్కనున్న వాట్సాప్ కిటికీలో ఉంటుంది. ఎంటర్ నొక్కామా, వీధిలో ఆడవాళ్ల గ్రూపంతా చదివేస్తుంది. అలాగే దరఖాస్తులో ఫోకస్ 'సబ్మిట్' బొత్తాం మీద ఉండగా స్పేస్ నొక్కినా అది పంపించేయవచ్చు.

ఈ చిట్కాలు కాగితం మీద రాసి కంప్యూటరు పక్కన అంటించుకోండి:

1. అక్షరం పడకపోతే ఇంకా గట్టిగా కొట్టకండి. చేతులు తీసేయండి. ఎడమ పై మూల ఉన్న ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. తర్వాత మీరు రాస్తున్న చోట మౌస్‌తో ఒక్క క్లిక్ చేయండి. చాలాసార్లు ఇంతటితోనే తీరిపోతుంది.

2. భాష మార్చడానికి కిటికీ మీటను నొక్కి పట్టుకుని స్పేస్ తట్టండి. విండోస్ 8 నుంచి ఈ పద్ధతి ఉంది. భాషల పట్టీ కళ్ల ముందు కనిపిస్తుంది కనుక పొరపాటు తక్కువ.

3. కిటికీలన్నీ ఒక్కసారిగా మాయమైతే కంగారు వద్దు. కిటికీ మీట, డి కలిపి పడి ఉంటాయి. మళ్లీ అవే నొక్కితే అన్నీ తిరిగొస్తాయి.

4. స్టిక్కీ కీస్ పట్టుకుంటే షిఫ్ట్ మళ్లీ ఐదుసార్లు తట్టండి, వదిలిపోతుంది. అసలు వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్ దగ్గరికి వెళ్లి ఆ షార్ట్‌కట్ ఆపేయండి. విండోస్ 10లో దీని పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్.

5. ఆల్ట్‌తో ఎఫ్4 కలిస్తే కిటికీ మూసుకుంటుంది. అందుకే నాలుగు వాక్యాలకోసారి కంట్రోల్, ఎస్ నొక్కి దాచుకుంటూ ఉండండి.

6. పాస్‌వర్డు కొట్టే ముందు మిగతా కిటికీలు మూసేయండి. గడిలో కర్సరు మిణుకుమంటోందో లేదో చూశాకే మొదటి అక్షరం కొట్టండి.

కొత్త కుక్కరు కొన్నప్పుడు మొదటి విజిల్‌కు ఉలిక్కిపడని వారెవరు? వారం తిరిగేసరికి వంటింట్లో దాని చప్పుడే పట్టించుకోం. ఇదీ అంతే. ఈసారి అక్షరాలు మాయమైనప్పుడు కుర్చీలోంచి లేవకండి. ఒక్క ఎస్కేప్, ఒక్క క్లిక్. మీ పని మీరే పూర్తి చేసుకోండి, మీ పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి.