ఇన్సులిన్ సూదిమందు: ఒక ధర్మసందేహం

మధుమేహ రోగులున్న ఇళ్ళ నుండి మాకు తరచుగా చేరే ప్రశ్న ఇది: "ఇన్సులిన్‌ను పంది నుండి తీస్తారని విన్నాము. దానిని వాడటం ధర్మసమ్మతమేనా?" ఈ సందేహంతోనే కొందరు పెద్దలు సూదిమందు మానివేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. కనుక విషయాన్ని మొదటి నుండి పరిశీలిద్దాం.

ఇన్సులిన్ క్లోమంలో తయారయ్యే హార్మోను. రక్తంలో చేరిన చక్కెరను కణాలు గ్రహించేలా చేసేది ఇదే. 1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్‌లు దీనిని జంతువుల క్లోమం నుండి తీయగలిగారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ బాలునికి తొలిసారి ఇచ్చినది పశువుల క్లోమం నుండి తీసిన రసమే. ఆ తరువాత సుమారు 60 ఏళ్ళ పాటు రోగులు ఆవు, పంది ఇన్సులిన్‌ల మీదనే ఆధారపడ్డారు. కనుక మన పెద్దలు విన్న మాట కల్పితం కాదు, గడచిన కాలానిది.

జంతువు హార్మోను మనిషికి ఎలా పనిచేసింది? ఇన్సులిన్ అణువు 51 అమైనో ఆమ్లాల కూర్పు. పూసల దండల వలె ఒక గొలుసులో 21, మరొక గొలుసులో 30 ఉంటాయి. ఈ కూర్పును ఆవు ఇన్సులిన్‌లో విడమరచి చూపినందుకు ఫ్రెడరిక్ సాంగర్‌కు 1958లో నోబెల్ బహుమతి లభించింది. మానవుని ఇన్సులిన్‌తో పోల్చితే ఆవుది మూడు పూసలలో, గొర్రెది నాలుగింటిలో తేడాగా ఉంటుంది. పందిది ఒక్క చివరి పూసలోనే భిన్నం. అందుకే పంది ఇన్సులిన్ కంటే ఆవు ఇన్సులిన్‌ను మన శరీరం పరాయిదిగా ఎక్కువగా గుర్తించేది.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. అణువుల పోలిక వలన పంది హలాల్ కాజాలదు. ధర్మాజ్ఞ పూసల లెక్క మీద ఆధారపడదు.

అయితే నేటి పరిస్థితి వేరు. 1978లో శాస్త్రజ్ఞులు మానవ ఇన్సులిన్ జన్యు సూత్రాన్ని సూక్ష్మక్రిమిలో ప్రవేశపెట్టి, దాని చేతనే ఇన్సులిన్ తయారు చేయించారు. 1982లో అమెరికాలో ఇది ఔషధంగా ఆమోదం పొందింది. నేడు మందుల దుకాణాలలో సాధారణంగా లభించే హ్యూమన్, అనలాగ్ రకాలను బాక్టీరియా లేదా ఈస్ట్ ద్వారానే తయారు చేస్తారు. హ్యూమన్ అన్న పేరు చూసి మనిషి దేహం నుండి తీశారని భయపడనవసరం లేదు. కూర్పు మాత్రమే మానవునిది.

ఎక్కడైనా జంతు ఇన్సులిన్ తప్ప మరొకటి దొరకక, ప్రాణాపాయం ఉందని వైద్యుడు చెబితే ఏమి చేయాలి? గత్యంతరం లేని స్థితిలో, హద్దు మీరని వానికి దివ్య ఖుర్ఆన్ (2:173) సడలింపు ఇచ్చింది. ప్రాణరక్షణ షరీఅత్ ముఖ్యోద్దేశాలలో ఒకటని ధర్మవేత్తలు బోధించారు. అవసరమైనంత మేరకు దానిని వాడటంలో దోషం లేదు.

కనుక సోదర సోదరీమణులారా! సందేహం కలిగితే డబ్బా మీద ముద్రించినది చదివించుకోండి, వైద్యుణ్ణి అడగండి, ఆలిమ్‌ను సంప్రదించండి. జవాబు వచ్చేదాకా సూదిమందు మాత్రం ఆపవద్దు. బాల్యంలోనే ఈ వ్యాధి సోకి ఇన్సులిన్ మీదనే జీవించే పిల్లలకు కొద్ది రోజుల విరామం కూడా ప్రాణాంతకం కావచ్చు. దేహం మనకు అప్పగించబడిన అమానత్. దానిని కాపాడుకోవడం మన బాధ్యత.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.