సోకు యజమానిది.. బ్లాక్ పాయింట్లు డ్రైవర్‌వి

గల్ఫ్‌లో బండి నడిపే మనోళ్లు, గ్యారేజీల్లో పానా పట్టే మనోళ్లు తరచుగా అడిగే మాట ఒకటుంది. "చక్రాలకు స్పేసర్లు వేయించుకు రమ్మంటున్నరు. వేయించొచ్చా? ఏమన్నా అయితే ఎవరి మీదికి వస్తది?" చూడడానికి అది ఒక అల్యూమినియం బిళ్ల. కానీ 2025లో యూఏఈ, కువైట్ రెండు దేశాల్లోనూ కొత్త ట్రాఫిక్ చట్టాలు అమల్లోకి వచ్చినంక ఈ బిళ్ల సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. లైసెన్స్ పోతే కొలువు పోతది, కొలువు పోతే ఇంటికి పోయే పైసలు ఆగుతయి. అందుకే డ్రైవర్లు, హెల్పర్లు, ఇంటి దగ్గర ఉన్న కుటుంబాలు అందరూ దీన్ని ఒకసారి చదవండి.

స్పేసర్ అంటే ఏంది?

చక్రానికి, హబ్‌కు మధ్యలో పెట్టే బిళ్లే స్పేసర్. దీనివల్ల చక్రం బయటికి జరుగుతది. ఒక్కో పక్క 30 మిల్లీమీటర్ల బిళ్ల వేస్తే రెండు చక్రాల మధ్య దూరం 60 మిల్లీమీటర్లు పెరుగుతది. బండి వెడల్పుగా, నేలకు అతుక్కున్నట్టు కనిపిస్తది. పెద్ద టైర్లు వేసినప్పుడు లోపల రాసుకోకుండా ఉండడానికి కూడా కొందరు వేయిస్తరు.

ఇవి రెండు రకాలు. మొదటిది పలచటి బిళ్ల. దాన్ని స్టడ్‌ల మీదికి తొడిగి, పైన చక్రం పెట్టి పాత నట్లతోనే బిగిస్తరు. అసలు ప్రమాదం ఇక్కడే. నట్టు స్టడ్ మీద కనీసం స్టడ్ మందమంత లోతుకు ఎక్కాలని మెకానిక్‌ల లెక్క. 12 మిల్లీమీటర్ల స్టడ్, 1.5 మరలు అయితే నట్టు సుమారు 8 చుట్లు తిరగాలి. 5 మిల్లీమీటర్ల బిళ్ల పెడితే అందులో మూడు చుట్లకు పైగా పోతయి. పొడుగు స్టడ్‌లు వేయకుండా ఇట్ల బిగించిన చక్రం షేక్ జాయెద్ రోడ్డు మీద 120లో ఊడితే ఏమవుతదో చెప్పనక్కర లేదు.

రెండో రకం మందంగా ఉంటది. అది హబ్‌కు వేరే నట్లతో బిగుస్తది, చక్రం దాని సొంత స్టడ్‌లకు బిగుస్తది. ఇది కొంత నయమే గానీ, మధ్య రంధ్రం కొలత హబ్‌కు సరిగ్గా కూర్చోవాలి. కూర్చోకపోతే స్టీరింగ్ వణుకుతది, బరువంతా స్టడ్‌ల మీద పడుతది. ఒక బండిది ఇంకో బండికి పెడదామంటే కుదరదు. ల్యాండ్ క్రూజర్ 200కు ఐదు స్టడ్‌లు, 2021లో వచ్చిన 300కు ఆరు. పేరు ఒకటే, బిళ్ల వేరు.

ఏ రకం వేసినా చక్రం బయటికి జరిగితే బేరింగ్ మీద భారం పెరుగుతది, గుంతల దెబ్బ స్టీరింగ్‌కు ఎక్కువ తగులుతది. కొత్త బండ్లలో స్టెబిలిటీ కంట్రోల్ కంప్యూటర్‌ను కంపెనీ తన కొలతలకే సెట్ చేసి పంపుతది. మనం కొలత మారిస్తే, రేపు బేరింగ్ గానీ స్టీరింగ్ గానీ పాడైతే డీలర్ వారంటీ ఇవ్వనంటడు.

చట్టం ఏమంటున్నది?

యూఏఈలో అనుమతి లేకుండా ఇంజిన్‌లో గానీ ఛాసిస్‌లో గానీ మార్పు చేస్తే 1,000 దిర్హమ్‌ల జరిమానా, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. అబుదాబిలో 2020 నాటి 5వ నంబరు చట్టం ప్రకారం ఇట్లాంటి బండి విడిపించుకోవాలంటే 10,000 దిర్హమ్‌లు కట్టాలి. స్పేసర్ ఆ మార్పు కిందికి వస్తదా రాదా అన్నది ఆపిన అధికారి, టెస్టింగ్ సెంటర్ తేల్చే మాట. రోడ్డు మీద నిలబడి వాదించే స్థోమత మనకు ఉండదు.

లెక్క చూడండి. 24 పాయింట్లు చేరితే లైసెన్స్ సస్పెండ్. 12 అంటే ఒక్క దెబ్బకు సగం. 2025 మార్చి 29 నుంచి అమలైన కొత్త చట్టంలో, సస్పెండ్ అయిన లైసెన్స్‌తో బండి తీస్తే మూడు నెలల దాకా జైలు, 10,000 దిర్హమ్‌లకు తగ్గని జరిమానా, రెండిట్లో ఏదో ఒకటి గానీ రెండూ గానీ పడొచ్చు. కువైట్‌లో 2025 ఏప్రిల్ 22 నుంచి జరిమానాలు ఎంత పెరిగినయో ఒక్క ఉదాహరణ చాలు: ఫోన్ పట్టుకుని నడిపితే 5 దినార్లు ఉండేది 75 అయింది. పైగా 2023 ఆగస్టు నుంచి విదేశీయులు ట్రాఫిక్ జరిమానా కట్టకుండా కువైట్ దాటి పోలేరు.

భారం ఎవరి మీద?

ముచ్చట పడేది యజమాని, లేకపోతే ఆయన కొడుకు. బిళ్ల అమ్ముకునేది షాపోడు. బిగించేది షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోనో, ముసఫ్ఫాలోనో, కువైట్ షువైఖ్‌లోనో పని చేసే మన తమ్ముడు. రోజూ నడిపేది మన అన్న. పోలీసు ఆపితే అడిగేది స్టీరింగ్ ముందున్న మనిషి లైసెన్స్. జరిమానా పైసలు యజమాని దయతలచి కట్టొచ్చు, పాయింట్లను మాత్రం ఆయన మోయడు. ప్రమాదం జరిగి మనిషి పోతే, చక్రం ఎవరు బిగించిండ్రన్న ప్రశ్న గ్యారేజీ హెల్పర్ దాకా వస్తది.

జీతంలో కోత సంగతి కూడా తెలుసుకోండి. యూఏఈ కార్మిక చట్టం (2021 నాటి 33వ నంబరు) ప్రకారం ఎన్ని కారణాలు చూపినా కోత జీతంలో సగం దాటొద్దు. సౌదీ కార్మిక చట్టం 91వ ఆర్టికల్ ప్రకారం, కార్మికుడి తప్పు వల్ల నష్టం జరిగితేనే కోయాలి, అదీ నెలకు ఐదు రోజుల జీతం మించొద్దు. ఇంటి డ్రైవర్లకు మాత్రం ఈ చట్టాలు వర్తించవు, రెండు దేశాల్లోనూ ఇంటి పనివాళ్లకు వేరే నిబంధనలున్నయి. యూఏఈలో అది 2022 నాటి 9వ నంబరు చట్టం. మీ వీసా మీద ఏం రాసి ఉందో ముందు చూసుకోండి.

మీరు ఏం చేయాలి?

డ్రైవర్లు: నోటి మాట మీద పోవద్దు. "సార్, మీరు స్పేసర్ వేయించమన్నారు, పర్మిషన్ ఉందా?" అని వాట్సాప్‌లో మర్యాదగా రాయండి. జవాబును, వాయిస్ మెసేజ్ వచ్చినా సరే, దాచుకోండి. బిల్లు యజమాని పేరు మీదనే ఉండాలి. కొత్తగా బండి చేతికిస్తే నాలుగు చక్రాలూ చూసి ఫొటో తీసుకోండి. టైరు ఫెండర్ దాటి బయటికి వచ్చిందంటే అడగండి.

గ్యారేజీ తమ్ముళ్లు: జాబ్ కార్డు మీద కస్టమర్ సంతకం లేకుండా పని మొదలు పెట్టొద్దు. హబ్ మీద తుప్పు, మట్టి గీకి శుభ్రం చేయండి. ఒక బిళ్ల మీద ఇంకో బిళ్ల ఎప్పుడూ పెట్టొద్దు. గన్‌తో బిగించి వదిలేయకుండా, బండి పుస్తకంలో ఉన్న లెక్క ప్రకారం టార్క్ పానాతో బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగినంక మళ్లీ చూపించమని కార్డు మీదనే రాయండి. మరలు సరిపోకపోతే చేయనని చెప్పండి. ఫోర్‌మన్ బలవంతం చేస్తే ఆ మాట కూడా మెసేజ్‌లో ఉండేటట్టు చూసుకోండి.

ఇంటి దగ్గరున్న అక్కలు, చెల్లెళ్లు: ఫోన్ చేసినప్పుడు జీతం ఒక్కటే కాదు, ముఖాలిఫా ఏమన్నా పడ్డదా అని కూడా అడగండి. సౌదీలో అబ్షిర్, కువైట్‌లో సహెల్ యాప్‌లో చూసుకోవచ్చు. జీతం కోత అన్యాయమైతే ఇండియన్ ఎంబసీకి చెప్పండి, మదద్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు.

సెలవు మీద వచ్చి ఊర్లో కారుకు ఇదే సోకు చేద్దామనుకునే వాళ్లకు ఇంకో మాట. మన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చొద్దనే అంటది, 2019లో సుప్రీంకోర్టు అదే చెప్పింది.

కొలువు పోతదన్న భయంతో కాదనలేని పరిస్థితి చాలా మందిది, అది మాకు తెలుసు. అందుకే ఎదురు తిరగమని చెప్తలేం. రాసి అడగమంటున్నం. రాసిన ప్రశ్నకు "పర్మిషన్ ఉంది" అని అబద్ధం రాయడానికి యజమాని కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తడు.